నడిపేది మనం, మేనేజర్లు వాళ్ళు

(నిడదవోలులో మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ నన్ను మాట్లాడమన్న విషయం "ఉద్యోగం చేస్తూ మేనేజ్‌మెంట్ చదువు". ఈ మాట వినగానే మీలో కొందరు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. నేను గమనించాను. పొద్దున్నే పొయ్యి దగ్గర మొదలై, అంగన్‌వాడీ కేంద్రం, సంఘం మీటింగు, బ్యాంకు, వెలుగు ఆఫీసు చుట్టూ తిరిగి, మళ్ళీ పొయ్యి దగ్గరే ముగిసే రోజు మనది. అందులో ఎం.బి.ఎ.కి చోటెక్కడ? నవ్వు రావడం సహజమే. అయితే ఆ నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా మనం ఆలోచించాలి.

ముందు మనం కూర్చున్న ఈ ఊరి గురించి ఒక మాట. నిడదవోలు పాతపేరు నిరవద్యపురం. ఇక్కడి చాళుక్య వంశీయుడు వీరభద్రుడిని పెళ్ళాడిన రుద్రమదేవి ఈ ఊరి కోడలు. 13వ శతాబ్దంలో పాతికేళ్ళకు పైగా కాకతీయ రాజ్యాన్ని నడిపింది. సైన్యాన్ని, సామంతులను, చెరువులను, పన్నులను చూసుకుంది. కానీ శాసనాల్లో ఆమె పేరెలా కనిపిస్తుంది? "రుద్రదేవ మహారాజు" అని. పని ఆడమనిషిది, పేరు మగవాడిది. ఏడువందల ఏళ్ళ తర్వాత కూడా మన సంఘాల్లో, ఆఫీసుల్లో జరుగుతున్నది ఇదే కదా అని నాకు చాలాసార్లు అనిపిస్తుంది.

నేను డెల్టా గ్రామాల్లో మహిళా సమాఖ్యల మీద పనిచేస్తున్న రోజుల్లో ఒక అక్క పరిచయమైంది. పేరు చెప్పను. నలభై నాలుగేళ్ళ మనిషి. పదో తరగతి అవగానే పెళ్ళి. ఇద్దరు పిల్లలు పుట్టాక డ్వాక్రా గ్రూపులో లెక్కలు రాయడం మొదలుపెట్టింది. గ్రూపు నుంచి గ్రామ సంఘానికి, అక్కడి నుంచి మండల సమాఖ్యకి వచ్చింది. మధ్యలో రాత్రుళ్ళు చదివి, దూరవిద్యలో బి.ఎ. పూర్తి చేసింది. ఒకరోజు నరసాపురం పాసింజరులో నా పక్కన కూర్చుని నెమ్మదిగా అడిగింది. "మేడం గారండీ, ఈ వయసులో నేను ఎం.బి.ఎ. చదవచ్చంటారా? నవ్వకండి."

నేను నవ్వలేదు. ఎందుకు చదవాలనుకుంటున్నావక్కా అని అడిగాను. ఆమె చెప్పిన జవాబు నా పరిశోధనలో నేను రాసుకున్న చాలా పేజీల కంటే విలువైనది. "సమాఖ్యలో తీర్మానం మేం రాస్తామండి. అప్పు ఎవరికివ్వాలో, ఎవరి దగ్గర ఎలా రాబట్టాలో మేం చూస్తాం. మొగుడు తాగొచ్చి గ్రూపు డబ్బు లాక్కుపోతే పదిమందిమి వెళ్ళి తెచ్చేది మేమే. కానీ మీటింగులో కుర్చీ మాత్రం మేనేజరు గారిది. మేం లేచి నిలబడతాం. ఆయన పాతికేళ్ళ కుర్రాడండీ, మంచివాడే. కానీ ఆయనకి డిగ్రీ ఉంది."

వెలుగు ఆఫీసులో ఎ.పి.ఎం. అంటే అసిస్టెంట్ ప్రాజెక్ట్ మేనేజర్. మేనేజర్ అనే మాట ఉద్యోగం పేరులోనే ఉంది. సమాఖ్య అధ్యక్షురాలి పేరులో "గౌరవ" అనే మాట ఉంది. అంగన్‌వాడీ కార్యకర్తకు ఇచ్చేది "గౌరవ వేతనం". ఆడవాళ్ళ పని దగ్గరికి వచ్చేసరికి జీతానికి బదులు గౌరవం ఇస్తారు. ఆ గౌరవంతో బియ్యం రావు.

ఆ అక్క కథ పూర్తిగా చెప్పాలి. మొదటిసారి ఆమె ఒక ప్రైవేటు స్టడీ సెంటరులో చేరింది. ఎక్కడో దూరపు రాష్ట్రంలో ఉన్న విశ్వవిద్యాలయం పేరు చెప్పి, క్లాసులకు రానక్కరలేదు, పరీక్షల సంగతి మేం చూసుకుంటాం అన్నారు. గాజులు తాకట్టు పెట్టి ఫీజు కట్టింది. ఏడాది తిరక్కుండా సెంటరు బోర్డు మాయమైంది. ఇంట్లో అందరూ "నీకెందుకు చెప్పు ఈ వయసులో" అన్నారు. మోసం చేసినవాడిని ఎవరూ ఏమీ అనలేదు. మోసపోయిన ఆడదానికి బుద్ధి చెప్పారు. అందుకే చదవాలనుకునే వాళ్ళకు ముందు ఒక మాట: ఏ దూరవిద్య కోర్సయినా యు.జి.సి. దూరవిద్య విభాగం గుర్తింపు ఉందో లేదో, ఆ సంవత్సరానికి ఉందో లేదో చూసుకోకుండా ఒక్క రూపాయి కట్టకండి. గుర్తింపు ఉన్న దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని యు.జి.సి. 2022లో మళ్ళీ స్పష్టం చేసింది. "కరెస్పాండెన్స్ డిగ్రీయే కదా" అని ఎవరైనా చులకన చేస్తే ఈ మాట చెప్పండి.

దూరవిద్య అనేది ఆడవాళ్ళకు ఊరికే దొరికిన సౌకర్యం కాదు. 1982లో మన రాష్ట్రంలో సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు అది దేశంలోనే మొదటిది. 1991లో దానికి డాక్టర్ అంబేద్కర్ పేరు పెట్టారు. బడి మానేసినవాళ్ళు కూడా అర్హత పరీక్ష రాసి, తెలుగులో బి.ఎ. చదవగలిగారు. దాని మొదటి వైస్ ఛాన్సలర్ జి. రాంరెడ్డి గారే 1985లో ఢిల్లీలో మొదలైన ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ మొదటి వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఇంగ్లండులో 1969లో ఓపెన్ యూనివర్సిటీ ఏర్పడటానికి పట్టుబట్టి పనిచేసిన మంత్రి జెన్నీ లీ. ఆమె గని కార్మికుడి కూతురు. చదువు తలుపు తెరిచినప్పుడల్లా వెనక ఎవరో ఒకరు గట్టిగా తట్టి ఉంటారు.

కానీ తలుపు తెరిస్తే సరిపోదు. లోపలికి నడిచే సమయం ఎవరిది? ఇగ్నో పరీక్షలు జూన్‌లో, డిసెంబరులో వస్తాయి. మన డెల్టాలో జూన్ అంటే సార్వా నారుమళ్ళు, పిల్లల బడి అడ్మిషన్లు. డిసెంబరు అంటే కోతలు, కుప్పలు, నూర్పులు. పరీక్షల తేదీలు వేసేవాళ్ళు పంటలనూ చూడరు, వంటలనూ చూడరు. పాఠాలు చెప్పే తరగతులు ఆదివారాలు పెడతారు. ఆదివారం ఎవరికి సెలవు? మగవాడికి సెలవు. ఇంట్లో ఆడదానికి ఆదివారం మరో రెండు కూరలు ఎక్కువ.

సెలవు నిబంధనలు కూడా చూద్దాం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల 1972 సెలవు నిబంధనల్లో స్టడీ లీవు ఉంది. అయిదేళ్ళ సర్వీసు ఉండాలి, చదివే చదువుకి చేసే ఉద్యోగంతో దగ్గర సంబంధం ఉండాలి, మామూలుగా సర్వీసు మొత్తం మీద 24 నెలలు. పైఅధికారి ఒప్పుకోవాలి. 2008 నుంచి మహిళా ఉద్యోగులకు 730 రోజుల చైల్డ్ కేర్ లీవు వచ్చింది. మంచిదే, పోరాడి తెచ్చుకున్నదే. దాన్ని పిల్లల జబ్బులకే కాదు, పిల్లల పరీక్షలకు కూడా వాడుకోవచ్చు. గమనించండి: కొడుకు పరీక్షకు తల్లికి సెలవు ఉంది. తల్లి సొంత పరీక్షకు అలా ప్రత్యేకంగా లేదు, ఉన్న సెలవుల్లోంచే కోసుకోవాలి. తల్లిగా ఆమె అవసరం నిబంధనలకు అర్థమైంది. విద్యార్థినిగా ఆమె ఇంకా వాళ్ళ ఊహలోకే రాలేదు.

ఇది పర్మినెంటు ఉద్యోగుల సంగతి. అంగన్‌వాడీ కార్యకర్త మాటేమిటి? ఆమెది ప్రభుత్వోద్యోగం కాదని 2006లో అమీర్‌బీ కేసులో సుప్రీంకోర్టు అన్నది. 2022 ఏప్రిల్‌లో మణిబెన్ కేసులో అదే సుప్రీంకోర్టు, గౌరవ వేతనం కూడా వేతనమే, గ్రాట్యుటీ చట్టం వీళ్ళకు వర్తిస్తుంది అని చెప్పింది. 2023 డిసెంబరు 12 నుంచి మన రాష్ట్రంలో అంగన్‌వాడీలు 42 రోజులు సమ్మె చేశారు. మధ్యలో 2024 జనవరిలో ప్రభుత్వం వారి మీద ఎస్మా ప్రయోగించింది. జీతం అడిగినప్పుడు స్వచ్ఛంద సేవకురాలు, సమ్మె చేసినప్పుడు అత్యవసర సేవ! ఆ 42 రోజుల్లో శిబిరాలు నడపడం, వంతులు వేసుకోవడం, చందాలకు లెక్కలు రాయడం, చంటిపిల్లల తల్లులకు నీడ చూడటం, చర్చలకు ప్రతినిధుల్ని పంపడం ఎవరు చేశారు? దాన్ని ఏ కాలేజీలోనైనా సంస్థాగత నిర్వహణ అంటారు. రోడ్డు మీద చేస్తే దాన్ని గొడవ అంటారు.

ఇప్పుడు మిమ్మల్ని కొంచెం దూరం తీసుకెళ్తాను. దూరం అంటే ఎక్కడికో కాదు, పక్కనే తాడేపల్లిగూడెం దగ్గరున్న మాధవరానికి. మిలిటరీ మాధవరం అంటే మీకందరికీ తెలుసు. తరతరాలుగా ఇంటింటి నుంచి సైన్యానికి వెళ్ళిన ఊరు. సిపాయిలు చాలామంది నలభై దాటకుండానే రిటైరై ఇంటికొస్తారు. వాళ్ళకు మళ్ళీ ఒక బతుకు తెరువు కావాలి. కాబట్టి సైనికులకు చదువు ఏర్పాటు చేయడం ప్రభుత్వ బాధ్యత అని అందరం ఒప్పుకున్నాం. ఒప్పుకోవాలి కూడా. అమెరికాలో 1944 చట్టం కింద యుద్ధం నుంచి వచ్చిన సుమారు 22 లక్షల మంది ప్రభుత్వ ఖర్చుతో కాలేజీలకు వెళ్ళారు. దాదాపు అందరూ మగవాళ్ళు. అదే యుద్ధకాలంలో ఫ్యాక్టరీలు నడిపిన ఆడవాళ్ళను మాత్రం ఇంటికి పొమ్మన్నారు. వాళ్ళకు ఏ చట్టమూ చదువు ఇవ్వలేదు.

మన దేశంలో 2022 జూన్‌లో అగ్నిపథ్ ప్రకటించినప్పుడు ఆ పథకం మంచిచెడ్డల మీద పెద్ద చర్చ జరిగింది. ఆ చర్చలోకి నేను వెళ్ళను. దానితో పాటు వచ్చిన ఇంకో ప్రకటన మీద మన దృష్టి పడలేదు. అగ్నివీరుల కోసం ఇగ్నో ద్వారా ప్రత్యేక డిగ్రీ పెడతామని, డిగ్రీకి కావలసిన క్రెడిట్లలో సగం వాళ్ళు సైన్యంలో పొందిన శిక్షణ నుంచే లెక్కిస్తామని విద్యాశాఖ ప్రకటించింది. అంటే ఏమిటి? పనిలో నేర్చుకున్నది కూడా చదువే అని ప్రభుత్వం ఒప్పుకుంది. నాలుగేళ్ళు తుపాకీ పట్టిన కుర్రాడికి సగం డిగ్రీ చేతికొచ్చినట్టే. నాకు అసూయ లేదు. వాళ్ళూ మన బిడ్డలే. నా ప్రశ్న ఒక్కటే. పాతికేళ్ళు గ్రామ సంఘం నడిపిన మనిషికి ఎన్ని క్రెడిట్లు? సున్నా. ఇరవై ఏళ్ళు కేంద్రంలో పిల్లల బరువులు, తల్లుల రక్తహీనత, సరుకుల స్టాకు, పన్నెండు రకాల రిజిస్టర్లు చూసిన మనిషికి? సున్నా.

సైన్యంలో ఆడవాళ్ళ సంగతి కూడా వేరుగా లేదు. పర్మినెంటు కమిషన్ కేసులో ప్రభుత్వం తరఫున ఏం వాదించారో గుర్తుందా? జవాన్లు ఎక్కువగా పల్లెటూళ్ళ నుంచి వస్తారు, ఆడ అధికారి కింద పనిచేయడానికి వాళ్ళ మనసులు ఇంకా సిద్ధంగా లేవు అన్నారు. 2020 ఫిబ్రవరి 17న సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. ఆజ్ఞ ఇచ్చే కుర్చీ దగ్గరే అడ్డు పడతారు, గమనించండి. పని చేయమంటారు, నడపవద్దంటారు. పితృస్వామ్యం ఆఫీసులో అయినా బెటాలియనులో అయినా ఇదే భాష మాట్లాడుతుంది.

వయసు దాటాక చదవడం, చదువుతూ సంస్థను నడపడం మన గోదావరికి కొత్త కాదు. 1909లో రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయమ్మ గారికి ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. ఆ పెళ్ళిని ఆమె వదిలేసింది. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళింది. బయటికొచ్చాక బెనారస్ మెట్రిక్యులేషన్ రాసింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరబోతే ఆడపిల్లలకు హాస్టలు లేదన్నారు. ఆమె పత్రికలో ప్రకటన ఇచ్చి అమ్మాయిలను కూడగట్టి, తామే హాస్టలు నడుపుకున్నారు. 1942లో మద్రాసులో లా పూర్తి చేసింది. ఈలోపే ఆంధ్ర మహిళా సభ పెట్టి, బడి మానేసిన ఆడవాళ్ళను మెట్రిక్‌కు తయారు చేసింది. తర్వాత కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు అధ్యక్షురాలిగా, 1958లో వయసు మీరిన స్త్రీల కోసం కుదించిన కోర్సులు మొదలుపెట్టింది. ఆ హాస్టలు సంగతి నాకు చాలా ఇష్టం. సీటు రావడానికి ఆమె తన తెలివి నిరూపించుకుంటే సరిపోలేదు. ముందు ఒక సంస్థను నిర్మించాల్సి వచ్చింది. మగ విద్యార్థిని ఎవరూ అలా అడగలేదు.

ఆ మాటకొస్తే నన్నూ అడిగారు. పేరు అనవసరం, ఒక కాలేజీలో పాఠాలు చెబుతూ పిహెచ్.డి. చేస్తున్నాను. థీసిస్ ముగింపులో రెండు నెలలు సెలవు కావాలన్నాను. "మీ ఆయనకి ఉద్యోగం ఉంది కదమ్మా, మీకు డాక్టరేట్ ఎందుకు?" అన్నారు పెద్దాయన. అదే నెలలో పక్క గది మాస్టారికి సెలవు దొరికింది. నేను జీతం నష్టపోయి రాశాను. మా అత్తగారు నా కూతుర్ని చూసుకున్నారు కాబట్టి థీసిస్ ముగిసింది. అంటే ఒక స్త్రీ చదువు మరో స్త్రీ జీతంలేని చాకిరీ మీద నిలబడింది. ఇది నా వ్యక్తిగత విజయం అని చెప్పుకోవడానికి నాకు నోరు రాదు.

ఇక ఆ చదువులో ఏముందో చూద్దాం. ఎం.బి.ఎ. పుస్తకం తెరిస్తే టేలర్ కనిపిస్తాడు. 1911లో కూలీ చేతి కదలికలను గడియారంతో కొలిచి ఎక్కువ పని రాబట్టడం ఎలాగో చెప్పినవాడు. అదే కాలంలో బోస్టన్ నగరంలో పేటల్లో సంఘాలు నడిపిన మేరీ పార్కర్ ఫాలెట్ అనే ఆమె కూడా ఉంది. ఒకరి మీద చెలాయించే అధికారం వేరు, పదిమంది కలిసి తయారు చేసుకునే అధికారం వేరు అన్నది. ఆమెకు ఆ జ్ఞానం ఫ్యాక్టరీలో కాదు, మీటింగుల్లో వచ్చింది. మన సంఘాల్లో వచ్చినట్టే. ఈ చదువును మనం గుడ్డిగా మింగనక్కరలేదు. 2010లో మైక్రోఫైనాన్స్ సంక్షోభం చూశాం కదా. వసూలు శాతాన్నే మంచి నిర్వహణకు కొలతగా పెట్టుకున్న కంపెనీల వేధింపులకు పల్లెల్లో ప్రాణాలు పోయాయి. చివరికి ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. మనిషిని మరిచిన మేనేజ్‌మెంట్ ఎక్కడిదాకా పోతుందో మనకంటే బాగా ఎవరికి తెలుసు?

అయినా ఈ చదువు కావాలి. ఎందుకంటే బడ్జెట్ చదవడం, ఆడిట్ రిపోర్టులో తిరకాసు పట్టుకోవడం, చట్టం తెలుసుకోవడం అధికారమే. మన సమాఖ్యలు 1995 నాటి మ్యాక్స్ చట్టం కింద రిజిస్టరైనవి. ఆ చట్టం చదివితే సమాఖ్యకు యజమానులు సభ్యులేనని తెలుస్తుంది. అంటే మేనేజరు గారు వచ్చినప్పుడు లేచి నిలబడాల్సిన అవసరం లేదని తెలుస్తుంది. కేంద్రం 2022లో ఇచ్చిన అంగన్‌వాడీ మార్గదర్శకాల ప్రకారం సూపర్‌వైజర్ పోస్టుల్లో సగం, అర్హతలుంటే, అయిదేళ్ళ అనుభవమున్న కార్యకర్తలకే ఇవ్వాలి. ఆ "అర్హతలుంటే" అన్న మాట దగ్గరే మనవాళ్ళు ఆగిపోతున్నారు.

కాబట్టి మనం ఏం అడగాలి?

మొదటిది, చదువు సెలవు. జీతంతో కూడిన విద్యా సెలవు కార్మికుల హక్కు అని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1974లోనే 140వ ఒడంబడిక చేసింది. భారతదేశం దాన్ని ఆమోదించలేదు. పెద్ద సెలవు రేపటి పోరాటం. పరీక్ష రోజుల జీతం కోయకూడదనేది ఇవాళ్టి డిమాండ్. గౌరవ వేతనం వాళ్ళకు కూడా.

రెండోది, పనికి క్రెడిట్లు. 2023 ఏప్రిల్‌లో వచ్చిన జాతీయ క్రెడిట్ ఫ్రేంవర్క్ పని అనుభవానికి కూడా క్రెడిట్లు ఇవ్వవచ్చునంటోంది. అగ్నివీరుడికి చేసినది సమాఖ్య నాయకురాలికి, అంగన్‌వాడీ కార్యకర్తకు, ఆశా కార్యకర్తకు చేయాలి. మినిట్స్ పుస్తకం, లెడ్జరు, ఆడిట్ కాగితాలు మన సాక్ష్యాలు. వాటిని జాగ్రత్తగా దాచండి. సంతకాలు పెట్టించుకోండి.

మూడోది, భాష. ఎం.బి.ఎ. దాదాపు అన్నిచోట్లా ఇంగ్లీషులోనే ఉంది. తీర్మానాలు తెలుగులో రాసి కోట్ల రూపాయల లావాదేవీలు నడిపినవాళ్ళు తెలుగులో పరీక్ష ఎందుకు రాయకూడదు?

నాలుగోది, దగ్గరలో తరగతులు, పక్కన పిల్లలకు చోటు.

అయిదోది మనకు మనమే చెప్పుకోవలసింది. ఇది కొంచెం చేదుగా ఉంటుంది. ఇక్కడ స్వచ్ఛంద సంస్థల నుంచి వచ్చినవాళ్ళు ఉన్నారు. మన సంస్థల్లో ఊళ్ళు తిరిగే ఫీల్డ్ కార్యకర్తలు ఎవరు? ఎక్కువమంది పల్లెటూరి ఆడవాళ్ళు, దళిత, బి.సి. స్త్రీలు. కోఆర్డినేటర్లు ఎవరు? పట్నం నుంచి డిగ్రీలతో వచ్చిన మనలాంటివాళ్ళం. రిపోర్టు మనం రాస్తాం, అందులో ఉన్నది వాళ్ళ పని. పదేళ్ళయినా ఫీల్డ్ కార్యకర్త ఫీల్డ్‌లోనే ఉంటే మనం రోజూ ప్రశ్నించే వెలుగు ఆఫీసుకూ మనకూ తేడా ఏమిటి? ప్రతి సంస్థా ఏడాదికి ఒక్క కార్యకర్త ఫీజు కట్టి, పరీక్షలకు సెలవిచ్చి, పాసయ్యాక కుర్చీ ఇస్తుందా? ఈ సమావేశం ముగిసేలోగా ఎన్ని సంస్థలు అవునంటాయో నేను చూడాలనుకుంటున్నాను.

ఆ అక్క ఏమైందని అడుగుతారు. గుర్తింపు ఉన్న చోటే మళ్ళీ చేరింది. గ్రూపులో పదిమంది తలా కొంత వేసి మొదటి ఫీజు కట్టారు. గ్రూపు పుస్తకంలో అది అప్పుగానే రాశారు, వడ్డీతో సహా. రెండు పేపర్లు పోయాయి. కోతలప్పుడు రాసినవి. మళ్ళీ రాస్తానంటోంది. మొన్న ఫోన్ చేసి, "మేడం గారండీ, మొన్నటి మీటింగులో నేను లేవలేదండి" అంది. ఇంకా డిగ్రీ చేతికి రాలేదు. అయినా లేవలేదు.

సెలవు.